తాళం అక్కర్లేదన్నది నేనే

మా హేతువాద సంఘం వెబ్‌సైటు తెరిస్తే అడ్రసు పక్కన ‘సురక్షితం కాదు’ అన్న మాట కనిపించేది. దాన్ని తీయించడానికి పైసా ఖర్చు లేదు, ఒక పూట పని. మూడేళ్లపాటు ఆ పని జరగనివ్వనివాణ్ణి నేను.

తెనాలిలో మా సంఘం మొదలై నలభై ఆరేళ్లు. తొలినుంచీ మాకొక ఆచారం ఉండేది. ఆచారమన్న మాట గిట్టదు కనుక దాన్ని పద్ధతి అనేవాళ్లం. సంఘం తరఫున ఎవరికి ఏది రాసినా పోస్టుకార్డు మీదే రాయాలి, కవరు వాడకూడదు. గాలిలోంచి విబూది తీసే స్వామికి సవాలు పంపినా, నూనె రాసి రోగాలు పోగొడతానన్న బోధకుణ్ణి నిలదీసినా, పోస్టుమాన్‌తో సహా దారిలో అందరూ చదువుకోవచ్చు. దాచుకోవలసింది వాళ్లకుంది గాని మాకేముంది అన్నది మా తర్కం. ఆ కార్డుల్లో సగం నా చేతిరాతే. ముప్పయ్యేళ్లు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పినవాణ్ణి. నా అక్షరాలు చదవడానికి ఏ పోస్టుమానూ ఇబ్బందిపడి ఉండడు.

కార్డుల కాలం పోయాక మా తమ్ముడి కూతురు దీప్తి ఈ వెబ్‌సైటు తయారుచేసి పెట్టింది. వడ్లమూడిలో ఇంజనీరింగు పిల్లలకు కంప్యూటర్లు చెబుతుంది తను. అందులో ‘మీ సమస్య మాకు రాయండి’ అని ఒక పేజీ ఉంటుంది. పేరు, ఊరు, ఫోను, సమస్య, ఇలా నాలుగు గళ్లు. నింపి బటన్ నొక్కితే ఆ రాత నా మెయిలుకు వస్తుంది.

తాళం సంగతి మొదట ఎత్తింది దీప్తే.

“పెదనాన్నా, మన సైటుకి తాళం వేసేస్తానండి.”

“వేస్తే ఏమవుతుంది?”

“రాసినవాళ్ల దగ్గర్నుంచి మన దగ్గరికి వచ్చేదాకా మధ్యలో ఎవరూ చదవలేరు. ఇప్పుడు దారిలో ఎవరైనా చదవచ్చు.”

“అడ్రసు పక్కన తాళం బొమ్మ వస్తుంది, అంతేగా?”

“బొమ్మ ఒక్కటే కాదండీ...”

“మొన్న మన సంఘంలో సుబ్బయ్యగారి చేత పాసువర్డు చెప్పించుకున్న దొంగ సైటుకి ఆ బొమ్మ ఉందా లేదా?”

“ఉండే ఉంటుంది లెండి.”

“మరి గుమ్మానికి కట్టిన నిమ్మకాయకీ దీనికీ తేడా ఏంటమ్మా?”

దీప్తి నవ్వేసింది. “మీతో వాదన పెట్టుకున్నాను చూడండి, నాదీ బుద్ధి. నిమ్మకాయ కాదండీ, కవరనుకోండి.”

నా దగ్గర కవరు పేరు ఎత్తడమే ఆమె చేసిన పొరపాటు. ఆ వారమే కూర్చుని ‘తాళమనే తాయెత్తు’ అని వ్యాసం రాసి, సమస్యలు రాసే పేజీలోనే పైన పెట్టించాను. మోసగాళ్ల సైట్లకూ తాళం బొమ్మ ఉంటుంది కనుక అది నిజాయితీకి రుజువు కాదు. రుజువు కానిదాన్ని చూసి ధైర్యం తెచ్చుకోవడం మూఢనమ్మకం. అదీ వాదం. చివర ఇలా ముగించాను: ‘ఆ హెచ్చరిక చూసి ఆగకండి. భయపడకుండా రాయండి.’ రెండో ఆదివారం సమావేశంలో సభ్యులు చప్పట్లు కొట్టారు. దీప్తి మాత్రం వ్యాసాన్ని పేజీలో ఎక్కించి, “అచ్చుతప్పులు లేవు పెదనాన్నా” అని ఊరుకుంది.

నిరుడు జూన్‌లో క్రిస్టినా అనే అమ్మాయి ఆ పేజీలో రాసింది. బాపట్లలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. అన్నావదినల దగ్గర ఉంటోంది. తల్లి జ్ఞానమ్మ రేపల్లెలో ఉంటుంది. చక్కెర వ్యాధి. ఒక స్వస్థత కూటంలో ఇచ్చిన నూనె మీద నమ్మకంతో నలభై రోజులుగా ఇన్సులిన్ సూది మానేసింది. ‘మా పాస్టరుగారే సూది మానొద్దని చెప్పినా అమ్మ వినడం లేదు. మా బడి కరస్పాండెంటుగారు ఆ కూటాలకు పెద్ద. అందుకని ఇక్కడ ఎవరితోనూ అనలేను. అమ్మకి ఎలా చెప్పాలో చెప్పండి’ అని రాసింది. మధ్యాహ్నం భోజనాల వేళ, తన ఫోన్‌లోంచే రాసింది గాని, ఫోను అప్పుడు బడి వైఫై మీద ఉంది.

ఆ సాయంత్రమే జవాబిచ్చాను. స్వస్థత కూటాల గురించి మా సంఘం వేసిన నాలుగు పేజీల కరపత్రం కూడా జతచేశాను. కూతురు తల్లితో ఎలా మాట్లాడాలని అడిగితే కరపత్రం పంపడం ఏమిటని నాకు అప్పుడు తోచలేదు.

తొమ్మిదో రోజున ఫోను వచ్చింది.

“సార్, క్రిస్టినానండి, బాపట్ల నుంచి. నేను రాసింది మీరెవరికైనా చూపించారాండి?”

“లేదమ్మా. ఏం?”

“కరస్పాండెంటుగారి టేబులు మీద ఉందండి, ప్రింటు తీసి. ఒక్క మాట కూడా తేడా లేదు. రేపట్నుంచి రావద్దన్నారండి నన్ను.”

ఆ కాగితం ఎలా ఉందమ్మా అని అడగవలసింది. అడగలేదు. నన్ను అనుమానించిందన్న కోపం ముందుకొచ్చింది.

“మా సంఘం నుంచి ఇన్నేళ్లలో ఒక్క మాట బయటికి పోలేదు. మీరు ఇంకెవరికి చెప్పారో వాళ్లని అడగండి.”

“ఒక్కళ్లకే చెప్పానండి. మా వదినకి. పంపేముందు ఫోన్‌లో చూపించాను.”

“ఆవిడేం చేస్తారు?”

“మా బళ్లోనేనండి. ఆఫీసులో క్లర్కు. నాకు ఉద్యోగం ఇప్పించింది కూడా తనే.”

“మరింకేంటమ్మా” అన్నాను.

ముఖం చూడని ఒక మనిషిమీద నేను తీర్పు చెప్పడానికి ఆ ఒక్క మాట సరిపోయింది. ఫోను పెట్టేసి స్నానానికి వెళ్లినట్టు గుర్తు.

ఆగస్టు మొదటివారంలో రేపల్లె నుంచి నాకొక కవరు వచ్చింది. ఉద్యోగం పోయి తల్లి దగ్గరకు చేరిన క్రిస్టినాయే రాసింది. తనను తీసేసినందుకు విద్యాశాఖకు ఫిర్యాదు పెట్టుకుంటోందట. తను రాసింది తల్లి ఆరోగ్యం గురించే తప్ప బడికి వ్యతిరేకంగా కాదని సంఘం తరఫున ధ్రువీకరించి ఉత్తరం ఇమ్మని అడిగింది. కరస్పాండెంటు తన ముందుంచిన ప్రింటు కాగితం నకలు జతచేసింది. చివర నాలుగు వాక్యాలున్నాయి: ‘మా వదిన రత్నం పుట్టింటికి పొన్నూరు వెళ్లిపోయింది. ఇంటి సంగతి యజమానికి మోసిన మనిషిని తీసుకురానని మా అన్నయ్య శాలేమురాజు అంటున్నాడు. తన ఉద్యోగం మాత్రం తనకి ఉంది, రోజూ పొన్నూరు నుంచి వచ్చి వెళ్తోంది. మీరు అన్నాక గాని నాకు తట్టలేదు సార్, థాంక్సండి.’

ఆ థాంక్సు చదివినప్పుడు నాకు సిగ్గు కలగలేదని ఒప్పుకోవాలి. కాస్త గర్వమే కలిగింది. మర్నాడు ఇంటికొచ్చిన దీప్తికి కవరిచ్చి, ఉత్తరం టైపు చేసిపెట్టమన్నాను. ఆమె ఆ నకలు చూస్తూ నిలబడిపోయింది.

“ఇది మీ మెయిల్లోంచి తీసింది కాదు కదండీ?”

“కాదు. బళ్లో ఇచ్చింది. వాళ్ల వదిన ఫోటో తీసి అందించింది.”

“ఫోటో తీస్తే ఇలా రాదు పెదనాన్నా. ఇక్కడ చూడండి.”

అమ్మాయి రాసిన ప్రతి ముక్కకూ ముందు ఇంగ్లీషు అక్షరాల్లో ఒక మాట, పక్కన సమానం గుర్తు ఉన్నాయి. పేరు. ఊరు. ఫోను. నాలుగోది, ఉత్తరమంతటికీ ముందున్నది, గోడు.

“పేజీలో ‘సమస్య’ అని కనపడుతుంది. లోపల ఆ గడికి నేను సరదాకి ‘గోడు’ అని పేరు పెట్టుకున్నాను. రాసేవాళ్లకి అది కనపడదు. మీకొచ్చే మెయిల్లో ఉండదు. నాకు తప్ప ఎవరికీ తెలీదు. బటన్ నొక్కాక దారిలో వెళ్లేటప్పుడే ఈ రూపంలో వెళ్తుంది.”

“అంటే?”

“బడి ఇంటర్నెట్‌కి ఒక పెట్టె తగిలించి ఉంటారు, టీచర్లు ఏం చూస్తున్నారో రాసిపెట్టేది. దాన్లో పడింది. వాళ్ల వదిన చెప్పక్కర్లేదు, ఎవరూ చెప్పక్కర్లేదు.”

“తాళం ఉండుంటే?”

“మన సైటు పేరు తెలిసేది. లోపల ఏం రాసిందో తెలిసేది కాదండి.”

నేను ముందే చెప్పాను కదా అని దీప్తి అనలేదు. అనుంటే, ఆ మాటకు జవాబు వెతుక్కునే పనిలో కొంతసేపైనా గడిచేది.

నా వ్యాసంలో తప్పు ఎక్కడుందో అప్పుడు కనిపించింది. తాళం సైటు నడిపేవాడి గుణానికి హామీ ఇవ్వదు; అంతవరకు నేను రాసింది నిజమే. కాని అది ఇచ్చే హామీ వేరు. పంపినవారి మాట మధ్యలో ఎవరి కంటా పడకుండా, ఎవరి చేతా మారకుండా చేరుతుందన్నదే ఆ హామీ. దొంగ దగ్గరకు కూడా భద్రంగానే చేరవచ్చు. అందుచేత భద్రత అబద్ధం అయిపోదు. దాచుకునేది మాకు లేదని కార్డులు రాశాం. మాకు రాసేవాళ్లకు ఉంటుందని నేను ఎన్నడూ అనుకోలేదు. గాజు గోడల గదిలో కూర్చుని ఆడవాళ్లను లోపలికి పిలిచి రోగం చెప్పమన్నట్టుంది నేను చేసిన పని.

ఆ సాయంత్రమే దీప్తి తాళం పెట్టింది. ఇరవై నిమిషాలు పట్టింది. నా వ్యాసాన్ని నేనే తీసేయమన్నాను.

తర్వాత రెండు రోజులు నన్ను నేను కాపాడుకోవడానికి ఖర్చుచేశాను. టీచర్ల రాతలు చదవడం బడివాళ్ల నేరం. బడి వైఫై మీద రాయడం ఆ అమ్మాయి ఏమరుపాటు. భార్యను అడగకుండా నమ్మేయడం శాలేమురాజు తొందరపాటు. ఇవన్నీ నిజాలే. క్రిస్టినా అడిగిన ధ్రువీకరణ ఉత్తరం కూడా రాశాను. అందులో రత్నం ప్రస్తావన లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. మళ్లీ చదువుకుంటే ఒక్క అబద్ధం కనిపించలేదు. జీవితమంతా అబద్ధాలను పట్టుకోవడంలో ఆరితేరినవాణ్ణి; ఒక్క అబద్ధమైనా లేకుండా ఒక మనిషిని దోషిగా ఉంచవచ్చునని నా దస్తూరీలోనే చూశాను. ఆ ఉత్తరం చేత్తో పట్టుకుని మూడో రోజు పొద్దున్న రేపల్లె పాసింజరు ఎక్కాను. వేమూరు దాటేదాకా ఏం చెప్పాలో వాక్యాలు పేర్చుకున్నాను. భట్టిప్రోలు వచ్చేసరికి వాటిలో ఏదీ పనికిరాదనిపించింది.

లూథరన్ చర్చి వెనక వీధిలో వాళ్ల ఇల్లు. వసారాలో జ్ఞానమ్మ కాలు చాపుకుని కూర్చుంది. పాదానికి కట్టు ఉంది.

“దేవుడు లేడనే మాస్టారు మీరేనా?”

“నేనేనండి. ప్రకాశరావు నా పేరు.”

“రండి, కూర్చోండి. ఆయన ఉన్నా లేకపోయినా కాఫీ తాగుతారుగా.” లోపలికి కేకేసి మళ్లీ నావైపు తిరిగింది. “మీ కాగితం నాలుగు పేజీలూ చదివి వినిపించింది మా అమ్మాయి. నిద్ర బాగా పట్టింది. సూది మళ్లీ వేసుకుంటున్నాను లెండి. మీ కాగితం చూసి కాదు, ఈ పుండు చూసి.”

క్రిస్టినా కాఫీ తెచ్చింది. గ్లాసు అందుకోకుండానే చెప్పేశాను. పెట్టె సంగతి, నాలుగు మాటల సంగతి, తాళం సంగతి, ఫోన్‌లో నేను అన్న మాట. ఎక్కువసేపు పట్టలేదు.

ఆమె గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుంది.

“పంపేముందు ‘సురక్షితం కాదు’ అని చూశానండి సార్. ఆగిపోయాను. ఫోను వదినకి చూపించాను. పైన మీ వ్యాసం ఉంది. వదినే చదివి వినిపించింది. ‘ఇంత చదువుకున్నాయన భయపడొద్దంటున్నాడు, పంపెయ్ క్రిస్టీ’ అంది. తను అన్నాకే నొక్కానండి.”

క్రిస్టినా అక్కడితో ఆగలేదు.

“నీ జీతం నిలబెట్టుకోడానికి నా జీతం తీయించావా అన్నాను సార్ వదినని. అన్నయ్య ముందే అన్నాను. తను అన్నం కలుపుకుంటోంది అప్పుడు.”

జ్ఞానమ్మ కూతురివైపు చూడలేదు. నన్నే చూస్తోంది.

“మేమైతే తప్పు చేస్తే గుళ్లో మోకరించి ఒప్పుకుంటాం. మీకు ఆ ఏర్పాటు లేదుగా. మీరెవరి ముందు ఒప్పుకుంటారు మాస్టారూ?”

“రత్నంగారి ముందండి.”

“అయితే కాఫీ తాగి లేవండి. చెరుకుపల్లి మీదగా పొన్నూరు బస్సుంది పదకొండున్నరకి. ఇవాళ రెండో శనివారం, ఇంట్లోనే ఉంటుంది. నువ్వు కూడా బయల్దేరవే.”

బస్సులో క్రిస్టినా ముందు ఆడవాళ్ల సీట్లో కూర్చుంది. దారి పొడుగునా ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

పొన్నూరులో రత్నం పుట్టిల్లు ఒక రైసుమిల్లు పక్క సందులో ఉంది. ముప్పయ్యేళ్ల మనిషి. పెరట్లో తీగ మీద బట్టలు ఆరేస్తోంది. ఆడపడుచును చూసి తడి చీర అలాగే పట్టుకుని, “ఏంటండీ, ఇలా వచ్చారు?” అంది. ‘క్రిస్టీ’ అని పిలిచే మనిషి నోట ‘అండీ’ విని ఆ అమ్మాయి అక్కడే ఆగిపోయింది.

నేను ఎవరో చెప్పుకున్నాను. నిలబడే అంతా చెప్పాను. “మీరు ఏ తప్పూ చేయలేదు. తప్పు నాది” అన్నాను.

రత్నం చీర మడతలు విప్పి తీగ మీద పరిచింది. “నేను చేయలేదని నాకు తెలుసు కదండి. అది చెప్పడానికి తెనాలి నుంచి రావాలా?”

“వెబ్‌సైటు మొదటి పేజీలో జరిగినదంతా రాసి, మీరు నిర్దోషి అని మీ పేరుతో ప్రకటిస్తానమ్మా. బాపట్లలో అందరూ చూసేట్టు.”

“వద్దు!” అంది గట్టిగా. “మా ఇంట్లో ఏం జరిగిందో ఊరందరిచేతా చదివిస్తారా? రాయకుండా ఉండలేనంటే మీ పేరు రాసుకోండి. మా పేర్లు వద్దు.”

ప్రాయశ్చిత్తమనుకుని కూడా నేను అదే పని చేయబోయానని ఆమె గట్టిగా అన్నాక గాని తెలియలేదు. ఇక్కడ నా పేరు తప్ప పేర్లన్నీ మార్చాను.

“నన్ను అన్నవాళ్లు ముగ్గురు” అంది. “ఇద్దరు ఇక్కడ ఉన్నారు. మా ఆయనకి ఫోన్ చేయండి. నాకు వినపడేట్టు పెట్టండి.”

ఆమె నంబరు చెబుతుంటే నొక్కాను. శాలేమురాజు బస్సు డిపోలో మెకానిక్కు. వెనక ఇంజను మోత వినిపిస్తోంది. నా పేరు, ఉద్యోగం, సంఘం చెప్పి, జరిగినది వరసగా వివరించాను. అతను ఒక్క ప్రశ్న అడగలేదు.

“అలాగాండి... ఓహో. సరేనండి మాస్టారూ. మీరంతటివారు చెప్పాక ఇంకేముంది. రేపు ఆరాధన అయ్యాక వచ్చి తీసుకెళ్తానని చెప్పండి దానికి.”

“ఆవిడ ఇక్కడే ఉన్నారు. మాట్లాడండి.”

“పనిలో ఉన్నానండి. మీరు చెప్పేయండి.”

ఫోను ఆగిపోయింది. క్రిస్టినా ముఖంలో ఊరట కనిపించింది. నా ముఖంలోనూ కనిపించే ఉంటుంది. రత్నం బకెట్టులోంచి ఇంకో బట్ట తీసి పిండింది. నీళ్లు కారడం ఆగేదాకా పిండుతూనే ఉంది.

“రెండు నెలల నుంచి రోజూ చెబుతున్నాను ఆయనకి” అంది. “పిల్లాడి మీద ఒట్టు పెట్టాను. బైబిలు మీద చెయ్యేసి చెప్పాను. నమ్మలేదు. మీరెవరో ఆయన ఎన్నడూ చూడలేదు. రెండు నిమిషాల్లో నమ్మేశాడు.”

నేను ఏదో అనబోయాను.

“మీరు నేనే చేశానన్నారు, వీళ్లు నమ్మారు. మీరే నేను చేయలేదన్నారు, అదీ నమ్మారు. మధ్యలో నేను చెప్పింది ఎక్కడికి పోయిందండి?”

నేను ఊహించుకుంటూ వచ్చిన క్షమాపణలో ఈ ప్రశ్నకు చోటే లేదు.

“రేపు వెళ్తావా వదినా?” అని క్రిస్టినా మెల్లగా అడిగింది.

“తెలీదు. వచ్చి అడగనీ, అప్పుడు చూస్తాను. ఆయన వస్తున్నాడని నేను బయల్దేరాలని ఎక్కడైనా రాసి ఉందా?”

సెలవు తీసుకుంటానన్నాను. ఎవరూ ఉండమనలేదు. క్రిస్టినా నాతో రాలేదు. బకెట్టు దగ్గరకు వెళ్లి అడుగున ఉన్న బట్ట తీసి పిండబోయింది. రత్నం ఆ బట్ట ఆమె చేతిలోంచి తీసుకుని, తనే పిండి, తనే ఆరేసుకుంది. అయినా ఆ అమ్మాయి కదల్లేదు. నేను సందు చివరకు వచ్చి తిరిగి చూసేటప్పటికి ఇద్దరూ తీగకు చెరోవైపు నిలబడి ఉన్నారు.